సమాధుల తోటలో పూలబీడు

(శతాబ్ది ఉత్సవముల సందర్భమున సంఘ కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



మన డయాసిస్‌కు నూరు సంవత్సరములు నిండిన ఈ సమయమున పెద్దలు దేవాలయములను గూర్చి, పాఠశాలలను గూర్చి, వైద్యశాలలను గూర్చి మాటలాడుచున్నారు. అవి మాటలాడవలసిన సంగతులే. అయితే ఈ సాయంకాలము మనము ఊరి చివరనున్న ఎకరము ముప్పది సెంట్ల నేలను గూర్చి, దానిమీద మొలచు గడ్డిని గూర్చి ఆలోచింపవలసియున్నది. అది మన సమాధుల తోట.

ఆ తోటను ఏమి చేయవలెనను ప్రశ్న పాస్టరేట్ కమిటీ ముందున్నది. శతాబ్ది జ్ఞాపకార్థముగా ఆ స్థలమునంతటిని యంత్రముతో చదును చేయించి, సిమెంటు కాంక్రీటు పోయించి, అంచున క్రోటను కుండీలు పెట్టించుటకు విదేశములలోనున్న మన బిడ్డలు కొందరు ద్రవ్యసహాయము చేయుదుమని ముందుకు వచ్చినారు. వారి ప్రేమ గొప్పది. తలిదండ్రుల సమాధులు గడ్డిలో మునిగియుండుట వారికి బాధ కలిగించినది. ఆ బాధ న్యాయమైనదే.

గాని మూడు సంవత్సరములుగా మనలో కొందరము ఆ తోట ఉత్తరపు సగమున వేరొక పద్ధతిని పాటించుచున్నాము. అక్కడ సంవత్సరమునకు ఒక్కసారే, పూలు పూచి గింజ రాలిన తరువాత, కొడవళ్లతో గడ్డి కోసి బయటకు చేర్చుచున్నాము. మిగిలిన కాలమంతయు దారులను, సమాధుల చుట్టును మాత్రమే శుభ్రపరచి, నడిమి నేలను పువ్వులకును, పిట్టలకును, పురుగులకును వదలుచున్నాము. మనవారు కొందరు దానిని "అయ్యగారి బీడు" అని నవ్వుచున్నారు. ఆ పేరు మాకు సమ్మతమే. అయితే అది ఏమి బీడో, ఎందుకొరకైన బీడో తీర్మానమునకు ముందే సంఘమంతయు తెలిసికొనుట మంచిది.

మన రైతులకు బీడు అనగా పని జరుగని నేల, యజమాని వదలివేసిన నేల. సమాధుల తోటకు అట్టి పేరు వచ్చినయెడల అది సంఘమునకు అవమానమే. గాని వదలివేసిన బీడు వేరు, కాచుకొనిన బీడు వేరు. వదలివేసిన నేలలో నాలుగేండ్లు గడచునప్పటికి పూలుండవు. సర్కారు తుమ్మ, వయ్యారిభామ, ముళ్లకంప ఉండును. కాచుకొనిన నేలలో పని ఉన్నది, ఆ పనికి ఒక కాలమున్నది. ఈ తేడాయే మనము గ్రహింపవలసినది.

ఈ పద్ధతి మన ఊరిలో పుట్టినది కాదు. 1841లో మచిలీపట్నము చేరిన రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ గార్లును, వారి తరువాత తెలుగునాటికి వచ్చిన అనేకులగు మిషనరీలును ఇంగ్లండు దేశపు సంఘములనుండి బయలుదేరినవారు. ఆ దేశపు పల్లెలలో దేవాలయము చుట్టునే సమాధుల ఆవరణ ఉండును. దానిని "దేవుని ఎకరము" అని పిలుచుట వారి వాడుక. పూల పచ్చికను కాచుకొను పని నేడు ఆ ఆవరణలలో విరివిగా జరుగుచున్నది. దాని కారణము తెలియుటకు ఆ దేశపు గడ్డి కథ కొంచెము వినవలెను.

ఇంగ్లండులో చలికాలమున పశువులకు పచ్చిమేత చాలదు. గనుక అక్కడి రైతులు పూర్వమునుండి కొన్ని పొలములను గడ్డికొరకే కేటాయించెడివారు. వసంతకాలమున పశువులను అందులోనుండి బయటకు తోలి, గడ్డిని ఎదుగనిచ్చి, జూలై ప్రాంతమున కోసి, ఎండబెట్టి, వాము వేసెడివారు. కోతపిమ్మట మరల చిగిర్చిన పచ్చికను పశువులు మేసెడివి. నాగలి పెట్టెడివారు కారు, ఎరువు స్వల్పము. ఏటేట ఇట్లు జరుగుటవలన ఆ పొలములలో గడ్డితోపాటు పదుల రకముల పూలమొక్కలు నిలకడగా బ్రతికినవి. ఎవరును వాటిని నాటలేదు. కోతకాలమే వాటిని ఏర్పరచినది.

ఆ తరువాత రెండవ ప్రపంచ యుద్ధము వచ్చినది. 1939 నుండి 1945 వరకు ఆహారపు కొరతచేత ప్రభుత్వము పచ్చికలను దున్నించి ధాన్యము వేయించినది. యుద్ధము ముగిసిన పిమ్మట రసాయనపు ఎరువులు వచ్చినవి. వేగముగా ఎదుగు ఒకటి రెండు రకముల గడ్డిని విత్తి, పూలు గింజ కట్టకముందే సంవత్సరమునకు పలుమార్లు కోయు పద్ధతి వచ్చినది. రైతులు దుష్టులై చేసిన పని కాదిది. దేశమునకు తిండి కావలసి చేసినారు. గాని ఫలితమేమనగా, 1930ల నుండి ఇంగ్లండు, వేల్సు దేశములలో ఇట్టి పూల పచ్చికలు నూటికి 97 పాళ్లు లేకుండ పోయినవి.

మిగిలిన ఆ కొంచెములో కొంతభాగము సమాధుల ఆవరణలలో మిగిలినది. ఎందుచేత? అక్కడ నాగలి పోలేదు. మృతులు నిదురించుచోట ఎవరును దున్నరు, ఎవరును ఎరువు వేయరు. చుట్టునున్న పొలములన్నియు మారిపోయినను ఆ అరెకరము, ఎకరము పాతనేలగానే నిలిచినది. ఒక్క మాటలో చెప్పవలెనంటే, చనిపోయినవారే ఆ పువ్వులను కాపాడినారు.

అయితే గోడలోపల ఉన్నంతమాత్రాన అవి క్షేమముగా ఉండలేదు. గడ్డికోత యంత్రములు వచ్చినతరువాత చాల దేవాలయముల ఆవరణలను వారము వారము తివాచీవలె కత్తిరించుచు వచ్చినారు. ఆ కత్తిరింపులో పువ్వు తలయెత్తదు. ఇది గమనించి కొన్ని సంఘములు ఆవరణలో ఒక భాగమునకు యంత్రమును ఆపి, పూర్వపు గడ్డిపొలముల పద్ధతిని తిరిగి పట్టుకొన్నవి. "కేరింగ్ ఫర్ గాడ్స్ ఏకర్" అను ధర్మసంస్థ అట్టి సంఘములకు సలహాయు శిక్షణయు ఇచ్చుచున్నది. 2021 నుండి ప్రతి జూన్ నెలలో ఒక వారము, "చర్చెస్ కౌంట్ ఆన్ నేచర్" అను పేరున, సంఘస్థులును ఇరుగుపొరుగువారును దేవాలయపు ఆవరణలలోని మొక్కలను, పక్షులను, పురుగులను లెక్కించుచున్నారు. గుడికి రాని పొరుగువాడు కూడ ఆ లెక్కకు వచ్చునని చెప్పుదురు.

ఆ పచ్చికలలో యెల్లో రాటిల్ అను చిన్న పసుపు పూలమొక్క ఒకటియున్నది. దాని వేళ్లు ప్రక్కనున్న గడ్డి వేళ్లను పట్టుకొని వాటినుండి నీటిని, లవణములను లాగుకొనును. మన గుంటూరు, ప్రకాశం ప్రాంతముల పొగాకు రైతులకు "మల్లె" అను కలుపు బాగుగా తెలియును. మల్లెపూవు కాదు, పొగాకు వేళ్లను పీల్చి పంటను పాడుచేయు మల్లె. ఈ రెండును ఒకే కుటుంబపు మొక్కలు. మన రైతుకు మల్లె శత్రువు. ఆ పచ్చికకు యెల్లో రాటిల్ మిత్రము. అది బలిసిన గడ్డిని తగ్గించి ఇతరమైన పువ్వులకు చోటు చేయును. దాని కాయలు ఎండి గలగలలాడినప్పుడు గడ్డి కోతకు వచ్చినదని అక్కడి రైతులు గుర్తుపట్టెడివారు.

ఇక్కడ రైతుబిడ్డలకు వింతగా తోచు సంగతి ఒకటి కలదు. మన లెక్కలో నేలకు సారము హెచ్చినకొలది మేలు. పూల పచ్చికలో లెక్క తలక్రిందులు. ఎరువు పడిన నేలలో ఒకటి రెండు మొరటు గడ్డిజాతులు బలిసి మిగిలినవాటిని నలిపివేయును. సారము తగ్గిన నేలలో ఏ ఒక్కటియు మిక్కిలి బలియదు గనుక అనేకమునకు చోటు దొరకును. అందుచేతనే కోసిన గడ్డిని అక్కడనే కుళ్లనీయక బయటకు మోసికొనిపోవలెను. కోయుట సగము పని; మోయుట మిగిలిన సగము.

ఇప్పుడు మన ఊరికి వచ్చెదము. ఆ దేశపు నియమములను ఉన్నవి ఉన్నట్లు ఇక్కడకు తెచ్చుట కుదరదు. వారి పువ్వులు వేరు, మన పువ్వులు వేరు. వారికి మే, జూన్ నెలలు పూలకాలము. ఆ నెలలలో మన నేల నెర్రెలు విచ్చియుండును. మనకు తొలకరి పడిన తరువాతనే ప్రాణము వచ్చును. ఆషాఢ శ్రావణములలో మొలక, భాద్రపద ఆశ్వయుజములలో పూత, కార్తీకములో గింజ. గనుక మన కోతకాలము డిసెంబరు. ఇది పంచాంగమునుబట్టి కాక, గింజ రాలుటనుబట్టి మనము నేర్చుకొనిన కాలము.

ఈ మూడేండ్లలో ఉత్తరపు సగమున ఏమి కనబడుచున్నవో ఆదివారపు బడి పిల్లలు పుస్తకములో వ్రాయుచున్నారు. తెల్లని తుమ్మిపూలు, నీలిచుక్కలవంటి విష్ణుక్రాంతము, ఊదారంగు వెంపలి, పసుపుపచ్చని పల్లేరు, గోడవెంట తంగేడు, మూలలయందు జిల్లేడు. వీటిలో ఒక్కటియు మనము నాటినది కాదు. అన్నియు మన పెద్దలకు పేరుతో తెలిసినవే. పిల్లలు పేర్లు అడుగవలసివచ్చినప్పుడు సంఘములోని అమ్మమ్మలు, తాతయ్యలు తిరిగి ఉపాధ్యాయులైనారు. ఏ ఆకు దెబ్బకు, ఏ ఆకు దగ్గుకు అని వారు చెప్పుచుండగా విన్నాము.

ఈ మొక్కలు దేనికి అని అడుగువారున్నారు. జిల్లేడు ఆకుమీద నారింజరంగు రెక్కలకు నల్లని అంచు గల ఒక సీతాకోకచిలుక గ్రుడ్లు పెట్టును. దాని గొంగళిపురుగు ఆ చేదుపాల ఆకునే తిని పెరుగును. ఆ చేదు వంటబట్టినందున పక్షులు దానిని తాకవు. తంగేడు జాతి ఆకులు తిని పసుపుపచ్చని సీతాకోకచిలుకలు పెరుగును. ఆ మొక్క లేనిచోట ఆ చిలుక లేదు. గిజిగాడు వానకాలమున గూడు అల్లుకొనుటకు పొడవైన గడ్డిపోచలను చీల్చుకొనిపోవును; పొట్టిగా కత్తిరించిన గడ్డి దానికి పనికిరాదు. తుమ్మిపూలకు వచ్చు తేనెటీగలే గోడ అవతలి పాదులకును పోవును. బీర, సొర, దోస, గుమ్మడి పాదులకు మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు అని మన తల్లులకు తెలియును. ఒకదాని పుప్పొడిని వేరొకదానికి చేర్చు ఈగ రానియెడల పిందె నిలువదు.

తీతువు పిట్టను గూర్చి ఒక మాట. దాని అరుపు చావునకు సూచన అని మన ఊళ్లలో భయపడుదురు. సమాధుల తోటలో అరచినయెడల మరియు భయపడుదురు. అది గూడు కట్టని పిట్ట. ఖాళీనేలమీద గులకరాళ్ల నడుమ గ్రుడ్లు పెట్టి, మనిషి దగ్గరకు వచ్చినప్పుడు వానిని దూరముగా మళ్లించుటకు అరచును. అది చావును పిలుచుట కాదు, పిల్లలను కాచుకొనుట. వేసవిలో ఎండుగడ్డికి నిప్పుపెట్టుట మన ఊళ్లలో వాడుక. ఆ మంటలో పోవునవి ఇట్టి గ్రుడ్లు, సీతాకోకచిలుకల గూళ్లు, తొండలు. అందుకే ఉత్తరపు సగమున నిప్పును పూర్తిగా మానినాము. డిసెంబరులోనే గడ్డి కోసి తీసివేసినయెడల వేసవిలో కాలుటకు అక్కడ ఏమియు మిగులదు.

మన దేశములో గడ్డినేలకు గౌరవము తక్కువ. చెట్లున్నచోటును అడవి అందుము, పంటయున్నచోటును పొలమందుము, గడ్డియున్నచోటును బంజరు అని వ్రాసికొందుము. కర్నూలు సీమలో, ఇప్పటి నంద్యాల జిల్లాలోనున్న రోళ్లపాడు అభయారణ్యము 1988లో ఏర్పడినది. అది చెట్ల అడవి కాదు, గడ్డిబయలు. బట్టమేక పిట్ట కొరకు దానిని కేటాయించినారు. మనిషి నడుము ఎత్తుండు ఆ గొప్ప పక్షి నేడు దేశమంతటిలో అంతరించు దశకు చేరినది. దానికి గూడు చెట్టుమీద కాదు, గడ్డిలోనే. బంజరని పిలిచి మనము బాగుచేసిన నేలలన్నియు దానికి ఇండ్లే. మన ఎకరము చిల్లర నేలకు బట్టమేక రాదు. గాని గడ్డినేల కూడ ఒకరి ఇల్లే అను పాఠమును అది నేర్పును.

ఇక అభ్యంతరములు. వాటిని తేలికగా త్రోసివేయరాదు.

మొదటిది పాముల భయము. ఇది అజ్ఞానపు భయము కాదు. 2000 నుండి 2019 వరకు మన దేశములో పాముకాటువలన చనిపోయినవారు పన్నెండు లక్షల వరకు ఉందురని పరిశోధకులు అంచనా వేసినారు. వారిలో అత్యధికులు పల్లెవారే, సగముమంది వానకాలపు నెలలలో పోయినవారే. గనుక దారులను ఆరడుగుల వెడల్పున ఎల్లప్పుడును పొట్టిగా కోసి ఉంచుచున్నాము. వానకాలములో పిల్లలను దారి విడిచి గడ్డిలోనికి పోనీయము. భూస్థాపన జరుగవలసినచోటును, అక్కడకు పోవు బాటను ముందుగా కోయించుచున్నాము. చీకటివేళ దీపము లేకుండ, చెప్పులు లేకుండ ఎవరును పోరాదు. పాములను పిలుచునవి ఎలుకలు. ఎలుకలను పిలుచునవి చెత్తకుప్పలు, పారవేసిన అన్నము. గనుక ముందుగా ఊడ్వవలసినది చెత్తను. ఒకవేళ ఎవరికైనను కాటు తగిలినయెడల, కోయకుండ, కట్టు బిగింపకుండ, మంత్రగాని యొద్దకు పోకుండ, ఆ అవయవమును కదలనీయక నేరుగా ప్రభుత్వ వైద్యశాలకు చేర్చవలెను. విరుగుడు మందు అక్కడ ఉన్నది.

రెండవది, ఏ మొక్కనైనను పెరుగనిత్తురా అను ప్రశ్న. పెరుగనీయము. వయ్యారిభామ మన నేలకు చెందినది కాదు; ఒక్కొక్క మొక్క వేల గింజలు రాల్చును, దురదను ఆయాసమును కలిగించును. దానిని పూతకు రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు, చేతికి గుడ్డ చుట్టుకొని వేరుతో పెరుకుచున్నాము. సర్కారు తుమ్మ మొలకలను త్రవ్వి తీయుచున్నాము. కలుపుమందు చల్లుట లేదు. అది మంచిదానిని చెడ్డదానిని ఏరి చంపదు. అంగడిలో దొరకు పూలగింజల పొట్లములను కూడ చల్లుట లేదు. కావలసిన విత్తనము మన చెరువుకట్టమీదనే ఉన్నది.

మూడవ అభ్యంతరము అన్నిటికంటె బరువైనది. రెండు సంవత్సరముల క్రితము ఒక వృద్ధురాలు మమ్మును నిలదీసి అడిగినది: "అయ్యగారూ, గడ్డి మొలిచిందంటే ఆ సమాధికి దిక్కులేదనేగా లోకం అనుకునేది? మా ఆయనకు నేనింకా బతికే ఉన్నానండీ." మేము, "అమ్మా, ఆయన సమాధి చుట్టూ మూరెడు మేర మనమే శుభ్రంగా ఉంచుదాం, అవతలది మాత్రం డిసెంబరు దాకా ఓర్చుకో" అన్నాము. ఆమె ఓర్చుకొన్నది గాని పూర్తిగా ఒప్పుకొనలేదు. ఆమె ప్రశ్న మన సంఘమంతటి ప్రశ్న. గడ్డి మొలచుట మరచిపోవుటకు గుర్తా?

దీనికి జవాబు ఆ నేలలోనే ఉన్నది. ఈ నూరు సంవత్సరములలో అక్కడ మట్టి చేయబడినవారిలో పేరుగల రాతిపలక ఎందరికున్నది? కొందరికే. తొలి తరముల విశ్వాసులు కూలివారు, పాలేర్లు. ఊరూర నడచి వాక్యము చెప్పిన బైబిలు స్త్రీలు, చాలీచాలని జీతముతో పనిచేసిన ఉపదేశకులు, కలరాలో ఒకే వారమున పోయిన తల్లీబిడ్డలు, వీరికి రాయి వేయించు స్తోమత ఎవరికున్నది? వారికున్నది ఒక మట్టిదిబ్బ. ఆ దిబ్బ తప్ప వారి గుర్తు ఈ భూమిమీద వేరొకటి లేదు.

కొడవలి దిబ్బ ఎక్కిదిగి పోవును. దిబ్బ ఆకారము చెడదు. డిసెంబరులో గడ్డి కోసిన మరునాటి ఉదయము ఏటవాలుగా ఎండ పడినప్పుడు ఒక్కొక్క దిబ్బ ప్రక్క నీడ నిలుచును. మునుపు చదునుగా తోచినచోట వరుసలు వరుసలుగా మనుష్యులు పండుకొనియున్నట్లు కనబడుదురు. అది చూచిన పెద్దలు కొందరు కంట తడిపెట్టినారు. "ఇది మా నాయనమ్మది, ఆ చింతచెట్టు వరుసలో మూడోది" అని చూపినవారున్నారు. యువజనులు ఆ దిబ్బల తలవైపు ఇటుక పాతి, సంఖ్య వేసి, భూస్థాపన రిజిస్టరులోని పేర్లతో సరిచూచుట మొదలుపెట్టినారు. కంపతో మూసికొనిపోయిన నేలలో ఈ పని చేయలేము. యంత్రము నడచిన నేలలో అసలే చేయలేము. చదును చేయుటకు ఒక్క పూట చాలును. పోయిన దిబ్బను తిరిగి తెచ్చుటకు ఏ ద్రవ్యమును చాలదు.

కాంక్రీటు విషయములో ఇంకొక సాధారణమైన మాట. సమాధుల తోట నిండిపోయిన పుస్తకము కాదు. రేపు మనలో ఎవరమో అక్కడకు పోవలసినవారమే. ప్రతి భూస్థాపనకు కాంక్రీటు పగులగొట్టి మరల అతుకు వేయుదుమా? వాననీరు ఎక్కడ ఇంకును?

కొండమీది ప్రసంగములో ప్రభువు చూపించిన పువ్వులు రాజు తోటలో నాటించినవి కావు. పొలములో తమంతట తాము మొలచి, ఎండిన పిమ్మట వంటపొయ్యిలోనికి పోవు గడ్డిపువ్వులవి. లోకము లెక్కపెట్టనివాటిని ఆయన లెక్కపెట్టినాడు. అట్లే మోషే ధర్మశాస్త్రము ఏడవయేట పొలమును సేద్యము చేయక విడువుమన్నప్పుడు, దానిలో దొరకునది ముందు పేదలకు, మిగిలినది అడవి జంతువులకు అని నిర్ణయించినది. పేదవారును, నోరులేని జంతువులును ఒకే ఆజ్ఞలో ప్రక్కప్రక్కన ఉన్నారు. మన సమాధుల తోటలోను అంతే. పేరులేని పేదల దిబ్బలను కాచునదియు, తుమ్మిపూలను గిజిగాడిని కాచునదియు ఒకే కొడవలి, ఒకే కాలపు కోత. ఒకదానిని పోగొట్టుకొని రెండవదానిని నిలుపుకొనుట కుదరదు.

గనుక కమిటీ ముందు మా మనవి ఇది. మన బిడ్డలు పంపదలచిన ద్రవ్యమును కృతజ్ఞతతో స్వీకరింతము. దానితో పడిపోయిన ప్రహరీగోడను కట్టి, ద్వారమునకు గేటు పెట్టి, పశువులు చొరబడకుండ చేయుదము. భూస్థాపన రిజిస్టరులో దొరకు పేర్లన్నిటిని, రాయి లేనివారి పేర్లను ముఖ్యముగా, ఒక పెద్ద శిలాఫలకముమీద చెక్కించి ద్వారమువద్ద నిలుపుదము. నూరు సంవత్సరముల సంఘమునకు తగిన జ్ఞాపకార్థము అదియే. మిగిలిన సొమ్ము కోతకూలికి ఉంచుదము. కోసిన గడ్డి ఇంతకుముందువలె వేలము పాటకు పోకుండ, పాడి గేదెలున్న విధవరాండ్రకు పంచబడవలెను.

పని క్రమము కూడ చెప్పెదము. నవంబరు 2న సమాధుల పండుగకు ముందు దారులను, ప్రతి సమాధి చుట్టు మూరెడు మేరను కోయుదము. కొవ్వొత్తి వెలిగించుటకు, పూలు పెట్టుటకు ఎవరికిని అడ్డుండదు. నడిమి గడ్డిలో అప్పటికి గింజ ఇంకను నిలిచియుండును గనుక దానిని తాకము. క్రిస్మసుకు ముందు, డిసెంబరు మొదటి శనివారమున, సగమును కోయుదము. కోసినదానిని రెండు మూడు దినములు అక్కడనే ఎండనిచ్చి, గింజ రాలిన తరువాత ఎత్తుదము. రెండవ సగమును జనవరి చివర కోయుదము. ఒకేసారి అంతయు కోసినయెడల పురుగుకు పిట్టకు తలదాచుకొను చోటుండదు. ఈస్టరు తెల్లవారుజామున మనము అక్కడ కూడుకొను వేళకు నేలంతయు శుభ్రముగా, దిబ్బలు స్పష్టముగా ఉండును.

చివరకు ఒక సంగతి. దిబ్బలను గుర్తుపట్టగల పెద్దలు మనలో తగ్గిపోవుచున్నారు. గడిచిన సంవత్సరము ముగ్గురు వెళ్లిపోయినారు. వారితో ఎన్ని దిబ్బల పేర్లు వెళ్లిపోయినవో మనకు తెలియదు. గనుక ఈ డిసెంబరు కోతకు డెబ్బది దాటినవారందరును రావలెనని ప్రార్థించుచున్నాము. మీరు కొడవలి పట్టనక్కరలేదు. మీకు కుర్చీలు వేయింతుము, ఆటోలు పంపింతుము. కోసిన మరునాటి ఉదయమున, ఎండ ఏటవాలుగా ఉండగానే వచ్చి, ఏ దిబ్బ ఎవరిదో చెప్పుడి. పిల్లలు ప్రక్కన నిలిచి వ్రాసికొందురు. ఏ పువ్వు పేరు ఏమిటో కూడ వారు అడుగుదురు, అదియు చెప్పుడి.

దేవుడు ఈ పనిలో మనకు ఏకమనస్సును దయచేయును గాక. ఆమేన్.